ఎక్కమంటావా

నాకు గొంతు లేదు. అంటే మూగోణ్ణి కాదు. మాట లోపల తయారవుద్ది, నాలిక దాకా వస్తది, ఎదురుగా మనిషి కనపడగానే వెనక్కి పోతది. ఐటీఐలో హాజరు పిలిచేటప్పుడు నా పేరు వస్తే "ప్రెజెంట్ సార్" అనేవాణ్ణి. నాకు వినపడేది. సారుకి వినపడేది కాదు. అట్టా చాలాసార్లు బెంచీ మీద కూర్చునే ఆబ్సెంటు అయ్యా.

ఎట్టాగో ఆ కోర్సు గట్టెక్కినాక మా ఊరి కరెంటాఫీసులోనే అప్రెంటిస్ ఇచ్చారు. ఏడాది పాటు పని నేర్చుకోవాలి. చివర్లో మా ఆఫీసు ఇంజినీరు ఏఈ సారు 'పనికొస్తాడు' అని రాసి సంతకం పెడితేనే ఆ ఏడాదికి విలువ. మా ఇంట్లో ఇంతవరకు ఆఫీసు గడప లోపల పని చేసినోళ్ళు లేరు. అమ్మ మిషను మీద కుట్టిన కొత్త చొక్కా వేసుకుని పోయా. ఏమైనా సరే ఈ పని నేర్చుకునే బయటికి రావాలి అని ఒకటే అనుకున్నా. మాట్లాడకుండా చేసే పనే కదా, తీగలతో పని, నాకు సరిపోద్ది అని కూడా అనుకున్నా.

నన్ను లైన్‌మేన్ సందాని గారి దగ్గర వేశారు. ఆఫీసులో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని గురువు అంటారు. పొడుగ్గా, సన్నగా, తెల్ల గడ్డంతో ఉంటాడు. కుడిచేతికి చివరి రెండు వేళ్ళు లేవు. మిగిలిన వేళ్ళతోనే స్పానరు తిప్పుతాడు, టీ గ్లాసు పట్టుకుంటాడు. ఆ చెయ్యి దాచుకోడు, చూపించుకోడు.

పేరు అడిగాడు. చెప్పా. ఏంది అన్నాడు. మళ్ళీ చెప్పా. పక్కన కాంట్రాక్టు హెల్పరు పోలయ్య వైరు చుట్టలు సర్దుతా ఉన్నాడు. "గురువా, ఈసారి మనకి సైలెంటు మోడ్‌లో పంపించారు" అన్నాడు.

గురువు నవ్వలా. ఏసోబు అని నా పేరు తనే గట్టిగా ఒకసారి అనుకుని, నిచ్చెన పట్టుకోమన్నాడు.

ఆ రోజే మొదటి పోలు. ఎరువుల కొట్టు ముందు. తీగ ముట్టుకోవాలంటే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఆ లైను ఆపించాలి. ఆపాం, పని చేసుకోండి అని వాళ్ళు చెప్పాలి. దాన్ని ఎల్సీ తీసుకోవడం అంటారు. గురువు ఫోన్ చేశాడు, ఎల్సీ వచ్చింది, నడుముకి బెల్టు కట్టుకున్నాడు, పోలు మీద చెయ్యేశాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఏసోబూ, ఎక్కమంటావా?"

ఎగతాళి అనుకున్నా. ఆయన నన్ను అడిగేదేంది? నేను వచ్చి పూట కూడా కాలా. తల ఊపా.

ఆయన పైకి చూస్తా ఉన్నాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఊపా.

గురువు బెల్టు విప్పి, ఎరువుల కొట్టు అరుగు మీద నీడలో కూర్చున్నాడు. లోపల ఫ్యాను ఆగిపోయి కొట్టాయన బయటికొచ్చాడు. ఏంది సాయిబూ, ఎంతసేపు అన్నాడు. కింద ఉన్నోడు ఇంకా చెప్పలా అన్నాడు గురువు. కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. మూట కొనుక్కోవడానికి వచ్చిన రైతులు కూడా చూశారు. పోలయ్య జేబులోంచి చనక్కాయలు తీసి, సినిమాకి వచ్చినోడిలాగా ఒక్కొక్కటి వొలుచుకుంటా కూర్చున్నాడు. నా చెవులు కాలిపోయాయి.

గురువు దగ్గరికి పోయి, తల ఊపా కదండీ అన్నా.

"తల ఊపితే వినపడదు" అన్నాడు.

ఇంక తప్పక, "ఎక్కండి" అన్నా. ఆయన లేచాడు.

రోజూ అదే. ప్రతి పోలు దగ్గరా అదే మాట. పోలయ్యని అడగడు. పోలు మొదట్లో నిలబడ్డోణ్ణే అడుగుతాడు, అక్కడ నిలబడేది నేనే. రోడ్డు మీద జనం, ఇళ్ళ ముందు ఆడోళ్ళు, బడికి పోయే పిల్లలు, అందరి ముందూ నేను నోరు తెరవాలి. మానేసి పోదామని కూడా అనిపించింది. కానీ మానేస్తే ఇంటికే పోవాలి. అక్కడ చొక్కా ఉతికి ఆరేసి ఉంటది.

సాధన మొదలుపెట్టా. పొద్దున్నే కుళాయి దగ్గర బిందెలు పట్టేటప్పుడు ఎక్కండి, ఎక్కండి అనుకునేవాణ్ణి. పొద్దున్నే ఎవర్ని ఎక్కిస్తన్నావు రా అని అమ్మ అడిగింది. బిందె ఎత్తుకుని లోపలికి పోయా.

కొన్నాళ్ళకి నోరు తిరిగింది. తడబాటు పోయింది. ఆయన అడగడం ఆలస్యం, నా మాట సిద్ధంగా ఉండేది. నాకు గొంతు వచ్చిందని మురిసిపోయా. ఒకరోజు బస్టాండు దగ్గర తాడు ముడి విప్పుకుంటా ఉన్నా. గురువు ఏసోబూ అన్నాడో లేదో, తల ఎత్తకుండానే ఎక్కండి గురువుగారూ అనేశా.

"వినపడలా" అన్నాడు.

కొంచెం గట్టిగా అన్నా. వినపడలా అన్నాడు మళ్ళీ. ఈసారి అరిచా. బస్సు కోసం నిలబడినోళ్ళు ఉలిక్కిపడి చూశారు. గురువు ఎక్కాడు.

ఆ సాయంత్రం సామాను ఆఫీసులో పెట్టేటప్పుడు, గురువుకి వినికిడి తగ్గినట్టుంది అన్నా పోలయ్యతో. ఎప్పుడూ నవ్వే మనిషి, ఆ పూట నవ్వలా. ఆ వేళ్ళు ఎట్టా పోయాయో తెలుసా అని అడిగాడు.

నేను పుట్టకముందు సంగతి. గురువు వేరే ఊళ్ళో పని చేసేవాడంట. ఆయన బావమరిదీ అదే పనిలో ఉండేవాడంట. ఒకరోజు బావమరిది కింద, ఈయన పోలు దగ్గర. ఈయన పైకి తీగని చూస్తా, ఎక్కనా అని అడిగాడంట. ఆ మనిషి తల ఊపాడంట. ఈయన ఎక్కాడంట, తీగలో కరెంటు ఉందంట.

"నిలువుగా ఊపాడా, అడ్డంగా ఊపాడా?" అన్నా.

"అదే కదా ఇప్పటికీ తేలంది" అన్నాడు పోలయ్య. "మన తలల సంగతి తెలీదా? సరేనన్నా ఊగుద్ది, కాదన్నా ఊగుద్ది. వద్దనే ఊపానని ఆయన, సరేనన్నట్టే కనపడిందని ఈయన. ఇద్దరూ అబద్ధాలు చెప్పే మనుషులు కాదు."

వైరు చుట్ట మేకుకి తగిలించి, "గురువు చెవులు బాగానే ఉన్నాయి" అన్నాడు.

ఆ తర్వాత నాకు ఎక్కండి అనే మాట మళ్ళీ గొంతులో ఇరుక్కుంది. సిగ్గుతో కాదు. ఆయన అడగగానే నేను పైకి చూసేవాణ్ణి. తీగ ఎటు నుంచి వస్తందో, ఎటు పోతందో చూసేవాణ్ణి. చుట్టుపక్కల ఇళ్ళలో లైట్లు చూసేవాణ్ణి. అన్నీ చూసుకుని అప్పుడు అనేవాణ్ణి. ఆలస్యమయ్యేది. వచ్చిన గొంతు మళ్ళీ పోయిందా అని పోలయ్య ఏడిపించేవాడు. గురువు మాత్రం ఎంతసేపైనా పోలు మీద చెయ్యేసి, పైకి చూస్తా నిలబడేవాడు. తొందర పెట్టేవాడు కాదు.

ఎండాకాలం వచ్చింది. ఊరికి మంచినీళ్ళు తోడే మోటారు ఆగిపోయింది. లైనులో ఒక పోలు మీద, రెండు తీగల్ని కలిపే ముక్క కాలి తెగిపోయింది. ముందురోజు నుంచీ కుళాయిలు రావట్లా. మేం పోయేసరికి పోలు చుట్టూ ఖాళీ బిందెలతో ఆడోళ్ళు నిలబడి ఉన్నారు. వార్డు కౌన్సిలరు వచ్చాడు. మా ఏఈ సారూ వచ్చాడు. ఆయన కుర్రాడే. వేరే జిల్లా నుంచి మా ఊరికి కొత్తగా బదిలీ మీద వచ్చాడు. పొద్దుటి నుంచీ జనం ఆయనకి ఫోన్లు చేసి తిడతానే ఉన్నారంట, మొహం వాడిపోయి ఉంది.

ఎప్పుడూ ఎల్సీ గురువే తీసుకుంటాడు. ఎక్కేవాడే అడగాలి, ఎక్కేవాడే తన చెవితో వినాలి అంటాడు. ఆ పూట పొద్దుటి నుంచీ గురువు ఫోను మోగీ మోగీ చార్జింగు అయిపోయింది. ఏఈ సారు, నేను తీసుకున్నాలే సందాని గారూ, మిల్లు లైను ఆపించేశా, ఎక్కండి అన్నాడు.

మిల్లు లైను. ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

మా ఊళ్ళో రెండు మిల్లులు. మూతపడ్డ నూనె మిల్లు ఒకటి, కొత్తగా పెట్టిన పప్పు మిల్లు ఒకటి. ఈ లైను నూనె మిల్లు మీదుగా వస్తది, అందుకని మా వైపోళ్ళు దీన్ని మిల్లు లైను అంటారు. పప్పు మిల్లు వైపోళ్ళు వాళ్ళ లైన్ని మిల్లు లైను అంటారు. సారు ఏ మిల్లు అనుకున్నాడో, సబ్‌స్టేషన్‌లో ఏ మిల్లు అనుకున్నారో.

రోడ్డు అవతల మంగలి కొట్టులో ఫ్యాను తిరగతా ఉంది. ఆ కొట్టుకి కరెంటు వచ్చేది ఈ లైను నుంచే.

ఇన్వర్టరు అయ్యుండొచ్చు. అయ్యుండకపోవచ్చు. పైకెక్కినాక గురువు ముందు తీగకి ఎర్తు రాడ్డు తగిలిస్తాడు, అది తగిలించాక కరెంటు వదిలినా భూమిలోకే పోద్ది, భయం లేదు. కానీ అది తగిలించే దాకా, ఆ ఎల్సీ మాట ఒక్కటే దిక్కు.

గురువు బెల్టు కట్టుకున్నాడు. పోలు మీద చెయ్యేశాడు. మూడు వేళ్ళ చెయ్యి.

"ఏసోబూ, ఎక్కమంటావా?"

కౌన్సిలరు పెద్దగా నవ్వాడు. ఈ పిలగాణ్ణి అడిగి ఎక్కుతావా సాయిబూ, మీ ఏఈ ఇక్కడే ఉన్నాడు కదా అన్నాడు. ఆడోళ్ళు బిందెలు ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నారు. ఏఈ సారు వాచీ చూసుకున్నాడు. నా తల దానంతటదే ఊగబోయింది. ఊగితే అయిపోయేది. అందరూ నన్ను వదిలేసేవాళ్ళు. పళ్ళు బిగబట్టి తల ఆపుకున్నా.

వద్దు అన్నా. పెదాలు కదిలాయి, అంతే.

"వినపడలా" అన్నాడు గురువు. ఆయన పైకి చూస్తానే ఉన్నాడు.

"వద్దండీ. ఎక్కొద్దు."

నా గొంతేనా అది అనిపించింది. బిందెలోళ్ళు గుసగుసలు ఆపేశారు. గురువు పోలు మీద నుంచి చెయ్యి తీశాడు. బెల్టు విప్పాడు. పోలు మొదట్లో మట్టిలో చతికిలబడ్డాడు.

ఏఈ సారు నా దగ్గరికి వచ్చాడు. ఎవరు నువ్వు అన్నాడు. అప్రెంటిస్ అన్నా. ఎందుకు వద్దు అన్నాడు. చెబుదామంటే మిల్లు, రెండు, ఫ్యాను అని ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఎల్సీ నేను తీసుకున్నా అని చెప్పా కదా, నా మాట మీద నమ్మకం లేదా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీ కాయితం మీద సంతకం పెట్టాల్సింది నేనే, గుర్తుందా?" అన్నాడు.

నాకు గుర్తుంది. చొక్కా గుర్తొచ్చింది. అమ్మ గుర్తొచ్చింది. అయినా అక్కణ్ణించి కదల్లా. పోలుకీ సారుకీ మధ్య నిలబడ్డా.

సారు గురువు వైపు తిరిగి, మీరైనా చెప్పండి సందాని గారూ అన్నాడు.

"కింద ఉన్నోడు వద్దన్నాడు సార్" అన్నాడు గురువు.

ఏఈ సారు ఒక్క క్షణం ఆయన్ని చూశాడు. ఫోను తీసి, నంబరు కలిపి, నా చేతిలో పెట్టాడు. అయితే నువ్వే అడుగు అన్నాడు.

అవతల ఆపరేటరు జానకమ్మ. నేనెప్పుడూ ఆమెతో మాట్లాడలా. హలో, ఎవరు, ఎవరయ్యా మాట్లాడరే అంటా ఉంది. చుట్టూ ఊరంతా వింటా ఉంది. పేరు చెప్పా. ఏ వీధి, ఏ పోలు అనేది చెప్పా. తర్వాత, "ఏ మిల్లు అమ్మా ఆపింది?" అన్నా.

ఆమెకి కోపమొచ్చింది. సారు మిల్లు అనగానే ఏ మిల్లు అని తనే అడిగిందంట. మంచినీళ్ళ మోటారు లైను అని సారు చెప్పాడంట. నూనె మిల్లు లైనే ఆపింది, బోర్డు ఎదురుగానే కూర్చుంది, ఎన్నిసార్లు చెప్పాలి అంది.

లైను ఆపే ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంతలో రోడ్డు అవతల నుంచి మంగలి బయటికొచ్చి, నా ఫ్యాను సంగతా, అది ఇన్వర్టరు మీద తిరగతందయ్యా అని కేక పెట్టాడు.

జనం నవ్వారు. బాగానే నవ్వారు. ఈ పిల్లోడి పుణ్యమా అని ఇంకాసేపు ఎండలో మాడాం అని ఒకామె అంది. కౌన్సిలరు తల పట్టుకున్నాడు. నేను ఫోను సారుకి ఇచ్చేశా. భూమి చీలితే లోపలికి పోదామనిపించింది.

గురువు లేచాడు. ప్యాంటుకి అంటిన మట్టి దులుపుకున్నాడు. బెల్టు కట్టుకున్నాడు. పోలు మీద చెయ్యేశాడు. ఏమీ జరగనట్టు, అదే గొంతుతో అడిగాడు.

"ఏసోబూ, ఎక్కమంటావా?"

మళ్ళీ నవ్వులు. నేను పైకి చూశా. తీగ ఎటు నుంచి వస్తందో చూశా. ఫ్యాను చూశా. ఆయన చెయ్యి చూశా. అన్నీ చూసేదాకా నోరు తెరవలా. ఎవరో తొందర పడతన్నారు, పడనిచ్చా.

"ఎక్కండి" అన్నా.

గురువు ఎక్కాడు.

నీళ్ళు వదిలారని పోలయ్యకి ఎవరో ఫోన్ చేసేసరికి మేం టీ బంకు దగ్గర ఉన్నాం. పోలయ్య దారి పొడుగునా "ఏ మిల్లు అమ్మా, ఏ మిల్లు అమ్మా" అని నా గొంతు పెట్టి అంటానే వచ్చాడు. టీ బంకాయన కూడా నేర్చుకున్నాడు. ఏఈ సారు నాతో ఏమీ మాట్లాడకుండా బండెక్కి పోయాడు. ఇంక నా సంతకం గోడకి కొట్టిన సున్నమే అనుకున్నా.

పోలయ్య సామాను బండికి కట్టడానికి పోయినప్పుడు గురువు పక్కన కూర్చున్నా.

"తప్పు చేశా గురువుగారూ. లైను ఆపే ఉంది" అన్నా.

ఆయన టీ ఊదుకుంటా ఉన్నాడు. నేను ఎక్కానా లేదా అన్నాడు. ఎక్కారు అన్నా. ఎప్పుడు ఎక్కా అన్నాడు. నేను ఎక్కండి అన్నాక అన్నా.

టీ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఇన్నాళ్ళకి ఇవాళ వినపడింది" అన్నాడు.

లేచి, చేతులు కడుక్కుని, నమాజుకి మసీదు వైపు నడిచాడు.

ఏడాది ఇంకా పూర్తి కాలా. సంతకం సంగతి తెలీదు. ఒకటి మాత్రం గమనించా. ఏఈ సారు ఫోనులో మిల్లు లైను అనడం మానేశాడు. నూనె మిల్లు లైను అంటాడు, పప్పు మిల్లు లైను అంటాడు. రెండోసారి కూడా చెప్పి, అవతలోళ్ళ చేత తిరిగి చెప్పించుకుంటాడు.

కొన్నాళ్ళ తర్వాత బడి సందులో వీధి లైటు పని పడింది. చిన్న పోలు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయి ఫ్యూజులు నా చేత్తో నేనే పీకి జేబులో వేసుకొచ్చా. అట్టా చెయ్యమన్నది గురువే. వచ్చేసరికి ఆయన తన బెల్టు విప్పి చేతిలో పట్టుకుని ఉన్నాడు. నా నడుముకి కట్టాడు. ఆయన సన్నటి మనిషే, నేను ఇంకా సన్నం. చివరి కన్నం దాకా లాగి బిగించాడు. గుంజి చూశాడు.

"ఇవాళ నువ్వు" అన్నాడు.

పోయి, రోజూ నేను నిలబడే చోట నిలబడ్డాడు.

పోలు మీద చెయ్యేశా. సిమెంటు ఇంకా వేడెక్కలా. పైకి చూశా. గొంతు ఉంది.

"గురువుగారూ, ఎక్కమంటారా?"

ఆయన తల ఊపాడు.

పోలయ్య చనక్కాయ వొలవడం ఆపి మా ఇద్దర్నీ చూశాడు.

నేను పోలు మీద నుంచి చెయ్యి తీశా. బెల్టు విప్పి, పోలు మొదట్లో కూర్చున్నా.